తొంభై ఆరు శాతం మంత్రిగారు

"పిల్లలు మనం చెప్పింది వినరు. మనల్ని చూస్తారు. అందుకే ఈ రోజు నుంచి వాళ్ళు నన్ను చూస్తారు."

బాల వికాస శాఖ మంత్రి, గౌరవనీయులు లోవెల్ ట్రెంబాత్‌గారు ఈ మాట రాజధానిలో, పన్నెండు మైకుల ముందు, ఒక చిన్న ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని అన్నారు. కుర్చీ నాలుగేళ్ళ పిల్లలది. మంత్రిగారు ఆరడుగుల రెండంగుళాలు. మోకాళ్ళు చెవుల దాకా వచ్చేశాయి. అయినా ముఖంలో నవ్వు చెరగలేదు. నాయకత్వం అంటే ఇదేనని ఆ రోజే నాకు అర్థమైంది.

పథకం పేరు "నన్ను చూడు". మంత్రిగారు ఒక కిండర్‌ని, అంటే పసిపిల్లల బడిని, దత్తత తీసుకుంటారు. నాలుగు మంగళవారాలు అక్కడికి వెళ్ళి, ప్రత్యేకంగా ఏమీ చెయ్యకుండా, ఆదర్శంగా ఉంటారు. పిల్లలు ఆయన్ని చూసి నడవడిక నేర్చుకుంటారు. ఎంత నేర్చుకున్నారో కొలవడానికి "అనుకరణ సూచిక" అని ఒకటి పెట్టారు. నాలుగో మంగళవారానికి సూచిక ఎనభై దాటితే అది "ఆదర్శ కిండర్" అవుతుంది.

"దాటకపోతే?" అని ఒక విలేకరి అడిగాడు.

"మంచి ప్రశ్న. దాన్ని నేను చాలా సీరియస్‌గా తీసుకుంటున్నాను," అని మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. కుర్చీ కూడా ఆయనతోపాటే లేచింది. సలహాదారు కరిస్సా వెనక నుంచి దాన్ని ఊడదీసింది.

దాటకపోతే ఏమవుతుందో ప్రెస్ నోట్ రెండో పేజీలో, అట్టడుగున ఉంది. ఆ కిండర్‌ని మూసేసి, పిల్లల్ని డన్‌రాబిన్‌లో ఉన్న పెద్ద కిండర్‌లో కలిపేస్తారు. డన్‌రాబిన్ మా ఊరికి ఎనభై నాలుగు కిలోమీటర్లు. దారిలో కంగారూలు ఉంటాయి, పెట్రోలు బంకు ఉండదు.

మా ఊరు అని ఎందుకన్నానంటే, మంత్రిగారు దత్తత తీసుకున్నది మా కూరింబా కిండర్‌నే. ఎన్నికలకి మూడు నెలలుంది. పోయినసారి ఈ సీటు ఆయన పార్టీకి రెండు వందల పన్నెండు ఓట్లతో దక్కింది. ఈ రెండు విషయాలకీ సంబంధం లేదని మంత్రిగారి కార్యాలయం ఎవరూ అడగకముందే స్పష్టం చేసింది.

సూచికని నడిపేది నేను. పేరు రొవీనా. చదివింది డేటా, చేసేది డిపార్ట్‌మెంట్‌లో మూడు నెలల కాంట్రాక్టు. కిండర్‌లో నాలుగు కెమెరాలు పెట్టాను. మంత్రిగారు చేసిన పనులు, అన్న మాటలు సాఫ్ట్‌వేర్‌కి ఎక్కిస్తాను. పిల్లలు అవే చేస్తే, అవే అంటే సూచిక పెరుగుతుంది. అది మంచి పనా, చెడ్డ పనా అన్నది సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. ఆ ఫీచర్ రెండో విడతలో వస్తుందన్నారు.

ఇంకో సంగతి. ఇరవై మూడేళ్ళ కిందట నేను కూడా ఇదే కిండర్‌లో, ఇదే నొరీన్ దగ్గర బూట్ల లేసులు కట్టుకోవడం నేర్చుకున్నాను. ఈ విషయం డిపార్ట్‌మెంట్‌కి చెప్పలేదు. వాళ్ళూ అడగలేదు.

నొరీన్ డూలన్‌కి ఇప్పుడు అరవై ఒకటి. కిండర్‌కి డైరెక్టరూ ఆవిడే, టీచరూ ఆవిడే, సింకు జామైన రోజున ప్లంబరూ ఆవిడే. ముక్కు మీద చిన్న గుంట ఉంటుంది. ఎండ వల్ల వచ్చిన కేన్సర్ మచ్చని డాక్టర్లు కోసి తీసేసిన చోటు అది. అందుకే గేటు మీద ఒకే ఒక్క రూలు రాసి ఉంటుంది: "టోపీ లేకపోతే ఆట లేదు". లోపల ఇరవై మూడు కొక్కేలు, వాటికి ఇరవై మూడు వెడల్పంచు టోపీలు. టోపీ మర్చిపోయిన వాళ్ళు వరండా నీడలో పసుపు బెంచీ మీద కూర్చోవాలి. ముప్పై ఏళ్ళలో ఈ రూలు ఎవరి కోసమూ సడలలేదు. ఒకసారి బిషప్‌గారు వచ్చి గంటసేపు ఆ బెంచీ మీదే కూర్చుని వెళ్ళారు.

మొదటి మంగళవారం మంత్రిగారు మూడు కార్లలో వచ్చారు. ఒంటి మీద నిర్మాణ కార్మికులు వేసుకునే మెరిసే పచ్చ జాకెట్టు ఉంది. కిండర్‌లో ఏ నిర్మాణమూ జరగడం లేదు. కానీ ఎన్నికలు మూడు నెలల్లో ఉన్నప్పుడు మా దేశంలో ఏ మంత్రీ ఆ జాకెట్టు లేకుండా ఇంట్లోంచి బయటికి రాడు.

గేటు దగ్గర ఆయనకి విన్నీ ఎదురైంది. నాలుగున్నరేళ్ళు, ముందు పళ్ళు రెండు లేవు.

"నీ టోపీ ఏదీ?"

మంత్రిగారు వంగారు. ఆయనతో పాటు ఫొటోగ్రాఫర్లు కూడా వంగారు. "హలో బంగారం! నీ పేరేంటి?"

"విన్నీ. నీ టోపీ ఏదీ?"

"మంచి ప్రశ్న, విన్నీ. టోపీల విషయాన్ని నేను చాలా సీరియస్‌గా తీసుకుంటాను."

"మరి ఏదీ?"

కరిస్సా మధ్యలోకి వచ్చి నొరీన్‌తో గొంతు తగ్గించి అంది: "టోపీ పెడితే ఫొటోలో మొహం మీద నీడ పడుద్దండీ. మొహమే కనబడకపోతే పిల్లలు ఎవర్ని చూసి నేర్చుకుంటారు?"

"పిల్లలకి కనబడుద్దిలే తల్లీ. వాళ్ళు కింద నుంచి చూస్తారు," అంది నొరీన్.

కరిస్సా అప్పటికప్పుడు ఫోన్లో టైపు చేసి, కారులో ఉన్న ప్రింటర్ మీద ఒక కాగితం తీయించింది. కార్యనిర్వహణ కారణాల రీత్యా మంత్రిగారికి టోపీ నుంచి మినహాయింపు. నొరీన్ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

"మినహాయింపంటే?" అని అడిగింది విన్నీ.

"అంటే రూలు ఉంటుందమ్మా. ఈయనకి ఉండదు," అంది కరిస్సా.

"ఓ!" అంది విన్నీ. ఆ "ఓ" నా మైకులో చక్కగా రికార్డయింది.

ఇసుక దగ్గర బోడీ అనే కుర్రాడు పొద్దుట్నుంచీ ఆనకట్ట కడుతున్నాడు. మంత్రిగారికి ఆనకట్టలంటే ప్రాణం. కరిస్సా సంచీలోంచి ఎర్ర రిబ్బను వచ్చింది, కత్తెర వచ్చింది. "ఈ ఆనకట్టని మా ప్రభుత్వం మీకు అందిస్తోంది!" అని మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. మెరుగైన ఫొటో కోసం రెండడుగులు వెనక్కి వేశారు. ఆ రెండో అడుగు ఆనకట్ట మీద పడింది.

"తొక్కేశావ్!" అన్నాడు బోడీ.

"దీని వల్ల ఎవరైనా బాధపడి ఉంటే, అందుకు విచారిస్తున్నాను."

"నేనే! నేను బాధపడ్డా!"

"ఆ విషయం పరిశీలనలో ఉంది," అని మంత్రిగారు వాడి తల నిమిరారు.

పళ్ళ వేళకి ఆయన ఒక యాపిల్‌ని కెమెరాకేసి కొరికి, మిగతాది కరిస్సా చేతిలో పెట్టారు. కరిస్సా సంచీలో అలా ఒక్కసారి కొరికిన యాపిళ్ళు అప్పటికే నాలుగున్నాయి. పొద్దుట్నుంచీ ఆవిడ ఎన్ని ఊళ్ళు తిరిగిందో అవే చెబుతున్నాయి. నలభై నిమిషాల్లో మూడు కార్లూ వెళ్ళిపోయాయి.

సాయంత్రం మూడింటికి తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్ళాక సూచిక చూశాను. తొమ్మిది. అందులో ఎక్కువ భాగం విన్నీది. అది ఒక యాపిల్‌ని కొరికి నా చేతిలో పెట్టింది.

నొరీన్ సింకు దగ్గర రంగు కుంచెలు కడుగుతోంది. "ఎంతొచ్చిందే రో?" అంది. ఊళ్ళో నన్ను రొవీనా అని ఎవరూ అనరు, రో అనే పిలుస్తారు.

"తొమ్మిది."

"ఎంత రావాలి?"

"ఎనభై."

ఇంకో మూడు కుంచెలు కడిగింది. "బోడీ వాళ్ళమ్మకి కారు లేదు, తెలుసా?"

"తెలుసు."

"విన్నీ వాళ్ళ నాన్న బేకరీ తెల్లారుజామునే తెరవాలి. ఆ పిల్లని డన్‌రాబిన్‌కి ఎవరు తీసుకెళ్తారు?"

"ఎవరూ తీసుకెళ్ళరు నొరీన్. ఇంట్లో కూచుంటది."

"ఊఁ. ఇంతకీ నీ మిషను సరిగ్గా ఏం వెతుకుద్ది?"

టాబ్లెట్‌లో జాబితా తీసి చూపించాను. మంత్రిగారు ఆ రోజు చేసినవన్నీ వరసగా ఉన్నాయి. నొరీన్ చేతులు తుడుచుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, పైనుంచి కిందికి చదివింది.

"ఇదంతా మంచి నడవడికేనంటావా?"

"అది సాఫ్ట్‌వేర్‌కి తెలీదు."

"మంత్రికో?"

"ఆ ఫీచర్ ఇంకా రాలేదు."

"సరేలే తల్లీ," అంది నొరీన్. పిల్లల డబ్బాలోంచి ఒక ఊదారంగు క్రేయాన్ తీసి, ఆ జాబితా అంతా ఒక పేపర్ ప్లేటు వెనక రాసుకుంది. నేను బస్సెక్కి రాజధానికి వెళ్ళిపోయాను. మళ్ళీ మంగళవారం దాకా నాకు కూరింబాలో పనిలేదు. కెమెరాలు వారమంతా తిరుగుతాయి గానీ డిపార్ట్‌మెంట్ అడిగేది మంగళవారం రిపోర్టు ఒక్కటే.

రెండో మంగళవారం గేటు దగ్గరే నాకు తేడా తెలిసింది. విన్నీ నెత్తిన టోపీ లేదు.

"నీ టోపీ ఏదే?" అన్నాను.

"నాకు మినహాయింపుంది," అంది విన్నీ.

ఉయ్యాల దగ్గర బోడీ నిలబడి ఉన్నాడు. విన్నీ వెళ్ళి ఉయ్యాలెక్కింది.

"నా వంతెప్పుడు?" అన్నాడు బోడీ.

"మంచి ప్రశ్న, బోడీ."

"ఎప్పుడూ?"

"దాన్ని నేను చాలా సీరియస్‌గా తీసుకుంటున్నా," అని విన్నీ ఇంకా ఎత్తుకి ఊగింది.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "చూశావా కరిస్సా, ఎదుటివాడి ప్రశ్నని ఆ పిల్ల ఎంత గౌరవిస్తోందో!"

ఆ రోజు సూచిక యాభై ఎనిమిది. ఒకే ఒక్క వారంలో, నలభై నిమిషాల దర్శనంతో! ఇంత బలమైన ప్రభావాన్ని నేను పాఠ్యపుస్తకాల్లో కూడా చదవలేదు. నాకు అంతుపట్టని సంగతి ఒకటే. పొద్దున్నే నొరీన్ ఒక్కో పిల్లని పట్టుకుని ముఖానికీ, చెవులకీ, మెడకీ సన్‌స్క్రీన్ రెండు పూతలు పూసింది. గోడకి సున్నం వేసినట్టు.

"ఒకటి సరిపోదా?" అన్నాను.

"మంగళవారాలు సరిపోదు," అంది.

మూడో మంగళవారానికి కిండర్‌లో ప్రారంభం కాని వస్తువు లేదు. కుందేలు బోనుకి రిబ్బను కట్టి కత్తిరించారు. బాత్రూం గుమ్మానికి రిబ్బను కట్టారు, దానివల్ల ఒకళ్ళిద్దరికి ఆలస్యమై లాగులు మార్చాల్సి వచ్చింది. జార్లీ అనే పిల్ల పొద్దంతా కష్టపడి గీసిన గుర్రం బొమ్మ ముందు ముగ్గురు నిలబడి ఎవరికి వాళ్ళు "ఇది నేను అందించా!" అని ప్రకటించారు. కొరికిన యాపిళ్ళు నా ఒళ్ళో పదకొండు చేరాయి.

పిల్లని దింపడానికి వచ్చిన విన్నీ నాన్న ప్యాడీ నన్ను గేటు దగ్గర ఆపాడు. బేకరీ పిండి ఇంకా గడ్డానికి అంటుకుని ఉంది.

"ఇదేం చదువు రో? పొద్దున పాలు ఎవరు ఒలకబోశారే అంటే, 'పాలు ఒలికిన సంఘటన దురదృష్టకరం' అంటది!"

"ఎక్కడ ఒలికాయి?"

"నా ఆర్డర్ల పుస్తకం మీద. మూడు పెళ్ళి కేకులున్నాయి అందులో. ఎవరికి ఏ కేకో ఇప్పుడు నాకే తెలీదు."

"అడిగావా?"

"అడిగా. ఆ సంఘటనకి తనకన్నా ముందున్న వాళ్ళే కారణమంది. మా పిల్లిని చూపించింది!"

ఓదార్పుగా అతనికి ఆ రోజు సూచిక చెప్పాను. ఎనభై నాలుగు. ప్యాడీ నా వైపు ఒకలా చూసి వెళ్ళిపోయాడు. ప్రగతి సామాన్యుడికి వెంటనే అర్థం కాదు.

మంత్రిగారికి మాత్రం వెంటనే అర్థమైంది. కిండర్ గేటు బయటే విలేకరుల సమావేశం పెట్టి, నా గ్రాఫుని పెద్ద అట్ట మీద వేయించి, వేలితో చూపించారు. "ఈ పిల్లల ప్రతి మాటలో, ప్రతి చేతలో ఈ రోజు కనబడేది నేనే. దానికి పూర్తి బాధ్యత నాది, ఇంకెవరిదీ కాదు!"

అందరూ రాసుకున్నారు. నాలుగు టీవీలు చూపించాయి.

ఆ గురువారం కిండర్‌కి ఫిలిప్పా గ్రోవ్స్ వచ్చింది. కిండర్లకి రేటింగు ఇచ్చే స్వతంత్ర సంస్థ మనిషి. చెప్పకుండా రావడం ఆవిడ పద్ధతి. రోజంతా ఉండి, నా కెమెరాల్లోంచి ఆ ఒక్క రోజు వీడియోలు కూడా తీసుకెళ్ళి, పదకొండు పేజీలు రాసింది. సారాంశం ఇది: "ఇక్కడి పిల్లలు ప్రశ్నకి జవాబివ్వరు. ఇతరుల పని తమదంటారు. క్షమాపణ చెప్పరు. రూల్స్ తమకి వర్తించవని గట్టిగా నమ్ముతారు. ఈ వయసులో ఇంత ఏకగ్రీవంగా చెడిన పిల్లల్ని నా ఉద్యోగంలో చూడలేదు." రేటింగు అన్నిటికన్నా అడుగుది. ఆ రేటింగు వచ్చిన కిండర్‌ని కూడా డన్‌రాబిన్‌లో కలిపేస్తారు.

అలా నాలుగో మంగళవారం పొద్దున్న, సభకి గంట ముందు, అయిదుగురం కిండర్ గదిలో చిన్న కుర్చీల మీద గుండ్రంగా కూర్చున్నాం. మంత్రిగారు, కరిస్సా, ఫిలిప్పా, నొరీన్, టాబ్లెట్‌తో నేను. బయట సాసేజీలు కాలుతున్న వాసన వస్తోంది. ఆదర్శ కిండర్ ఫలకం అప్పటికే చెక్కించి గోడకి బిగించేశారు. దాని మీద గుడ్డ కప్పి ఉంది.

మంత్రిగారు రిపోర్టు చదివారు. ముఖం ఎర్రబడింది.

"ఎవరు? ఈ పసిపిల్లలకి ఇవన్నీ ఎవరు నేర్పారు? నాకు పేరు కావాలి!"

అందరూ నా టాబ్లెట్ వైపు చూశారు. సూచిక తొంభై ఆరు.

"సార్," అంది కరిస్సా, "పోయిన వారం మీరు ఒక మాటన్నారు..."

"ఏమన్నాను?"

ఫోన్లో వినిపించింది. పూర్తి బాధ్యత నాది, ఇంకెవరిదీ కాదు.

"అయితే సూచిక తప్పు."

"సూచిక తప్పైతే పథకం తప్పవుద్ది సార్. పథకం పేరులో మీరున్నారు."

"అయితే రిపోర్టు తప్పు."

"ప్రతి వాక్యానికీ వీడియో ఉందండీ," అంది ఫిలిప్పా. "మీరు పెట్టించిన కెమెరాల్లోదే."

మంత్రిగారు మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నారు. ఆ కుర్చీలో తల పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు. కరిస్సా పెన్ను మూత తీసింది.

"పిల్లల్ని మార్చక్కర్లేదు సార్. మాటలు మారుద్దాం. 'ప్రశ్నకి జవాబివ్వరు'. దీన్ని 'ఒత్తిడిలో కూడా నిగ్రహం' అనొచ్చు."

మంత్రిగారు తల ఎత్తారు.

"'ఇతరుల పని తమదంటారు'. ఇది జట్టు విజయాల్ని సొంతం చేసుకునే చొరవ."

"బావుంది, బావుంది."

"క్షమాపణ చెప్పరు?" అంది ఫిలిప్పా.

"మానసిక స్థైర్యం."

"టోపీలు?"

కరిస్సా ఒక్క క్షణం ఆలోచించింది. "తలెత్తుకుని తిరిగే స్వభావం."

"ఆ బోడీ అనే పిల్లాడు నా ఎడం చెప్పు ఇసుకలో పాతి, దాని మీద రిబ్బను కత్తిరించి, నాచేతే చప్పట్లు కొట్టించాడు!" అంది ఫిలిప్పా.

"మౌలిక వసతులు," అన్నారు మంత్రిగారు. ఆయన తేరుకున్నారు.

"మాది స్వతంత్ర సంస్థండీ. మీరు చెప్తే మార్చం."

"అందుకే మేం చెప్పట్లేదు," అంది కరిస్సా. "మీరే స్వతంత్రంగా మార్చుకుంటున్నారు."

ఫిలిప్పా పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది. తర్వాత నొరీన్ వైపు చూసింది. గోడకి డన్‌రాబిన్ బస్సు టైముల కాగితం అంటించి ఉంది. రోజుకి ఒకే బస్సు, అదీ మధ్యాహ్నం. నొరీన్ లేచి, ఆ కాగితం మూల ఊడితే వేలితో నొక్కి మళ్ళీ అంటించింది. ఫిలిప్పా అటు చూసి, నిట్టూర్చి, సంతకం పెట్టింది.

"నాకో చిన్న డౌటు," అంది నొరీన్. "ఆదర్శ కిండర్‌ని పదేళ్ళ దాకా ఎందులోనూ కలపరని ప్రెస్ నోట్‌లో ఉంది. అది విడిగా కాగితం మీద ఇస్తారా?"

"తప్పకుండా!" అన్నారు మంత్రిగారు.

"ఇప్పుడే?"

కారులో ప్రింటర్ ఉండనే ఉంది. మంత్రిగారు ఫొటోగ్రాఫర్ని పిలిపించి మరీ సంతకం చేశారు. నొరీన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి, మినహాయింపు కాగితం ఉన్న జేబులోనే పెట్టుకుంది.

సభ దివ్యంగా జరిగింది. ఊరంతా వచ్చింది. రొట్టె ముక్కలో సాసేజీ, వేయించిన ఉల్లిపాయలు. మంత్రిగారు ఒకటి తీసుకుని, కెమెరాకేసి కొరికి, కరిస్సా చేతిలో పెట్టారు. వెంటనే ఇరవై మూడు మంది పిల్లలు తమ తమ సాసేజీలు ఒక్కసారి కొరికి, దగ్గర్లో ఉన్న పెద్దవాళ్ళ చేతుల్లో పెట్టారు. ప్యాడీ చేతిలో నాలుగు చేరాయి. తినకుండా వాటినే చూస్తూ నిలబడ్డాడు.

ఫలకం ఆవిష్కరించడానికి రిబ్బను కట్టారు. మంత్రిగారు గొంతు సవరించుకునేలోపే విన్నీ ఎక్కడి నుంచో కత్తెరతో వచ్చి దాన్ని కత్తిరించేసింది.

"ఈ కిండర్‌ని నేను అందించా!" అంది.

జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు కూడా కొట్టారు. ఇంకేం చెయ్యాలో ఆయనకి తోచలేదు.

"మంత్రిగారూ," ఒక విలేకరి చెయ్యెత్తాడు, "ఇంత ఎండలో ఒక్క పిల్లకి కూడా టోపీ లేదేంటండీ?"

మంత్రిగారు నోరు తెరిచారు. విన్నీ ఆయనకీ మైకుకీ మధ్య వచ్చి నిలబడి, అరచెయ్యి ముందుకి చాపింది. విలేకరుల్ని ఆపేటప్పుడు కరిస్సా చాపినట్టే.

"ఇంక ప్రశ్నలు లేవు. అందరికీ థాంక్యూ."

మూడు కార్లూ బయల్దేరాయి. ఫిలిప్పా కారు కూడా వెళ్ళిపోయింది, ఊరి జనం తమ పనులకి మళ్ళారు. చివరి కారు మలుపు తిరిగేదాకా నొరీన్ గేటు దగ్గర చెయ్యి ఊపుతూనే ఉంది. తర్వాత గేటు మూసి, అల్మైరా తెరిచి, లోపలి మేకుకి తగిలించి ఉన్న పాత గడ్డి టోపీ తీసి పెట్టుకుంది. ఆ టోపీని మూడు మంగళవారాలుగా ఆవిడ నెత్తిన చూడలేదని నాకు అప్పుడు తట్టింది.

ఇసుక దగ్గరికి నడిచింది. కూర్చోబోతూ బోడీ ఇసుకలో కడుతున్న కాలవ మీద కాలేసింది.

"అయ్యో, తొక్కేశాన్రా. సారీ నాన్నా. నా తప్పే. మళ్ళీ కడదామా?"

బోడీ ఆవిడకేసి చూశాడు. పిల్లలందరూ చూశారు. కుందేలు తప్ప అక్కడ ఏదీ కదల్లేదు. తర్వాత విన్నీ కత్తెర కింద పెట్టి కొక్కేల దగ్గరికి వెళ్ళింది. దాని వెనకాల జార్లీ. ఆ వెనకాల అందరూ.

నా చేతిలో సూచిక తొంభై ఆరు నుంచి డెబ్బైకి వచ్చింది. నలభై. పదిహేడు. కెమెరా పాడైందేమో అనుకుని వరండాలో కూర్చుని పాత వీడియోలు తెరిచాను. డిపార్ట్‌మెంట్ ఎన్నడూ అడగని రోజులవి. మంత్రిగారు మొదటిసారి వచ్చి వెళ్ళిన మర్నాడు, బుధవారం, పొద్దున తొమ్మిదిన్నర. ఇదే వరండా, ఇదే నీడ. పిల్లల్ని రోడ్డు దాటించేటప్పుడు తను వేసుకునే మెరిసే పచ్చ జాకెట్టు తొడుక్కుని, ఒక చేత్తో కత్తెర, ఇంకో చేత్తో పేపర్ ప్లేటు పట్టుకుని నొరీన్ నిలబడి ఉంది. నెత్తిన టోపీ లేదు. చెక్కముక్కల మేడకి రిబ్బను కట్టి ఉంది.

"నీ టోపీ ఏదీ?" అంటోంది వీడియోలో విన్నీ.

"మంచి ప్రశ్న, విన్నీ," అంటోంది నొరీన్.

గురువారం కూడా అదే. శుక్రవారం యాపిళ్ళు.

ఫోన్ మోగింది. డిపార్ట్‌మెంట్.

"రొవీనా, ఇక్కడ లైవ్‌లో సూచిక మూడు చూపిస్తోంది! మూడు! అసలేమైంది అక్కడ?"

మాట్లాడుతూ మాట్లాడుతూనే ఎండలోకి ఒక కాలు పెట్టాను. ఎదురుగా విన్నీ, వెడల్పంచు టోపీ కింద నుంచి నన్ను చూస్తోంది.

"మంచి ప్రశ్నండీ," అన్నాను ఫోన్లో. "దాన్ని నేను చాలా సీరియస్‌గా తీసుకుంటున్నాను."

పెట్టేశాను.

"నీ టోపీ ఏదీ?" అంది విన్నీ.

"తెచ్చుకోలేదే. సారీ."

విన్నీ వేలు చూపించింది. వెళ్ళి పసుపు బెంచీ మీద కూర్చున్నాను.